మూడు సెంటీమీటర్ల గడ్డ: కొయ్యాలా, కాల్చాలా, మార్చాలా?

ప్రొద్దుటూరు వైపు ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు ఉన్నారనుకుందాం. పదేళ్లుగా షుగరు. కడుపు ఉబ్బరంగా ఉంటోందని స్కానింగ్ తీయిస్తే, పిత్తాశయంలో రాళ్లేమీ లేవు గానీ లివర్ కుడివైపున మూడు సెంటీమీటర్ల గడ్డ ఉందని రాసిచ్చారు. నొప్పి లేదు, కామెర్లు లేవు, ఆకలీ తగ్గలేదు. సీటీ చూశాక డాక్టరు, "క్యాన్సరే, కానీ తొలిదశ" అన్నాడు. ఆ సాయంత్రానికి ఇంట్లో పద్నాలుగు మంది చేరారు.

"కత్తి పెడితే పాకిపోతుందంట అక్కా" అన్నాడు ఆయన బావమరిది. "రేపే హైదరాబాద్ పోదాం. ఎంతైనా కానీ, గడ్డ తీయించేద్దాం" అన్నాడు పెద్దకొడుకు. పక్కింటాయన ఏదో ఊళ్లో ఆదివారం పూట ఇచ్చే పసరు సంగతి ఎత్తాడు. పెద్దాయనకు మాత్రం, "ఏం లేదు, లివర్లో కొంచెం వాపు" అని చెప్పారు. ఆయన ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లల మొహాలు చూసి అబద్ధం పట్టుకున్న మనిషి. ఏమీ అడగలేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి సాయంత్రమే నడుస్తోందా? అయితే ముందు ఒక్క సంగతి పట్టుకోండి. మిగతావన్నీ దాని వెంట వస్తాయి.

రొమ్ములోనో పెద్దపేగులోనో గడ్డ వస్తే, దాని చుట్టూ ఉన్న భాగం సాధారణంగా బాగానే ఉంటుంది. గడ్డ తీసేస్తే సగం పని అయినట్టే. లివర్లో పుట్టే క్యాన్సర్ అలా కాదు. చాలామందిలో అది అప్పటికే దెబ్బతిన్న లివర్లోనే పుడుతుంది. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, ఏళ్ల తరబడి మద్యం, లేదా షుగరూ ఊబకాయంతో పాటు వచ్చే ఫ్యాటీ లివర్, వీటిలో ఏదో ఒకటి లివర్‌ను లోపల్లోపలే గట్టిపరిచి సిరోసిస్ చేస్తుంది. ఆ సిరోసిస్‌లో గడ్డ లేస్తుంది. అంటే మీ ఇంట్లో ఉన్నది ఒక్క జబ్బు కాదు, రెండు. అందుకే చుట్టాలంతా "గడ్డ ఎంత?" అని అడుగుతుంటే, సర్జన్ మాత్రం "తీశాక ఎంత మిగులుతుంది, ఆ మిగిలింది పనిచేస్తుందా?" అని లెక్క వేస్తుంటాడు.

తొలిదశ అంటే? 1999లో బార్సిలోనా డాక్టర్లు వేసిన దశల పట్టికనే కొద్దికొద్దిగా సవరిస్తూ ఇప్పటికీ చాలా దేశాల్లో వాడుతున్నారు. దాని ప్రకారం ఒకే గడ్డ ఉండాలి, లేదా మూడు దాకా ఉన్నా ఒక్కొక్కటి మూడు సెంటీమీటర్లు దాటకూడదు. రక్తనాళాల్లోకి పాకి ఉండకూడదు, లివర్ దాటి బయటికి వెళ్లి ఉండకూడదు. మనిషి తన పనులు తాను చేసుకుంటూ ఉండాలి. ఇదంతా లివర్లోనే పుట్టిన క్యాన్సర్ సంగతి; పెద్దపేగులో పుట్టి లివర్‌కు పాకిన క్యాన్సర్ వైద్యం వేరు. మీ రిపోర్టులో ఉన్నది ఏదో మొదటి రోజే అడిగి తెలుసుకోండి.

1. జబ్బు పేరు ఖాయం చేసుకోండి, తొందరపడి సూది పొడిపించుకోకండి

మామూలు అల్ట్రాసౌండ్‌లో కనిపించేది నీడ మాత్రమే. అది క్యాన్సరా, రక్తనాళాల ముద్దా, ఇంకేదైనానా తేలాలంటే మూడు దశల సీటీ గానీ, మందు ఎక్కించి తీసే ఎమ్మారై గానీ కావాలి. ఎందుకు మూడు దశలు? ఆరోగ్యంగా ఉన్న లివర్‌కు రక్తంలో దాదాపు ముప్పావు వంతు పేగుల వైపు నుంచి వచ్చే పోర్టల్ సిర ద్వారా అందుతుంది. క్యాన్సర్ గడ్డ మాత్రం ధమని రక్తం మీదే బతుకుతుంది. అందుకని మందు ఎక్కించగానే, ధమని దశలో గడ్డ వెలిగిపోతుంది. కాసేపటికి చుట్టూ ఉన్న లివర్ వెలుగుతుంటే గడ్డ మసకబారుతుంది. సిరోసిస్ ఉన్న మనిషిలో ఈ వెలగడం, మసకబారడం స్పష్టంగా కనిపిస్తే, చాలాసార్లు ముక్క పరీక్ష లేకుండానే డాక్టర్లు జబ్బును నిర్ధారిస్తారు.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. రిపోర్టు చూసిన మొదటి చోటే "బయాప్సీ చేసేద్దాం" అంటే చాలామంది తలూపేస్తారు. ఆ సూది దారి వెంట క్యాన్సర్ కణాలు పడే ప్రమాదం వందలో రెండు మూడు కేసుల్లో ఉంటుంది. బయాప్సీ తప్పనిసరి అయ్యే సందర్భాలు లేకపోలేదు. కానీ ఆ నిర్ణయం లివర్ సర్జన్ స్కానింగ్ ఫిల్ములు చూశాకే జరగాలి. బావమరిది విన్న "కత్తి పెడితే పాకుతుంది" అన్న మాటకు ఏదైనా ఆధారం ఉందంటే, అది ఈ సూది దగ్గరే. గడ్డను చుట్టూ కొంత మంచి భాగంతో కలిపి తీస్తే గాలి తగిలి పాకడమంటూ ఉండదు. కోసిన తర్వాత పాకినట్టు తేలినవాళ్లలో చాలావరకు అది అంతకుముందే పాకి ఉందన్నమాట.

లివర్ క్యాన్సర్ జాడ కోసం చేసే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష మామూలుగా వచ్చిందని ఊపిరి పీల్చుకోవద్దు. చిన్న గడ్డల్లో చాలాసార్లు అది పెరగనే పెరగదు.

2. లివర్ మార్కుల కాగితం చేతిలో పెట్టుకోండి

చైల్డ్-ప్యూ అని ఒక లెక్క ఉంది. బిలిరుబిన్, అల్బుమిన్, రక్తం గడ్డకట్టే తీరు, పొట్టలో నీరు, మగత లేదా తికమక. ఈ అయిదింటికీ మార్కులు వేస్తారు. ఇది తిరగబడిన పరీక్ష, ఎన్ని తక్కువ వస్తే అంత మంచిది. 5 లేదా 6 వస్తే ఎ క్లాసు, 7 నుంచి 9 బి, 10 గానీ అంతకు మించి గానీ వస్తే సి. దీనికి తోడు ప్లేట్‌లెట్లు లక్షకు తక్కువగా ఉన్నా, ప్లీహం పెరిగినా, ఎండోస్కోపీలో అన్నవాహికలో ఉబ్బిన సిరలు కనిపించినా, పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగిందని అర్థం.

ఈ అంకెలు ఎందుకంత ముఖ్యం? ఇద్దరు మనుషుల్ని పక్కపక్కన కూర్చోబెట్టి చూడండి. ఇద్దరికీ మూడు సెంటీమీటర్ల గడ్డే, ఇద్దరికీ కుడివైపే.

మొదటివాడు నలభై రెండేళ్ల ఆటో డ్రైవర్. హెపటైటిస్ బి ఉంది, సిరోసిస్ లేదు. ప్లేట్‌లెట్లు రెండు లక్షల ఇరవై వేలు. ఇతనికి కోసి తీసేయడమే మొదటి మాట. రెండోవాడు యాభై అయిదేళ్ల చిట్టీల వ్యాపారి. ఇరవై ఏళ్లు తాగాడు. ప్లేట్‌లెట్లు డెబ్భై వేలు, బిలిరుబిన్ మూడు, పొట్టలో నీరు. ఇతని గడ్డను కోయడం చేయి తిరిగిన సర్జన్‌కు కష్టమేమీ కాదు. కష్టమంతా ఆ తర్వాతే. మిగిలిన లివర్ ఆ దెబ్బకు తట్టుకోలేక వారం పది రోజుల్లో చేతులెత్తేయవచ్చు. ఇతనికి దారి లివర్ మార్పిడి. "అవతలాయనకి చేశారు, మా నాన్నకెందుకు చెయ్యరు?" అని వార్డులో గొడవకు దిగేవాళ్లు ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే సమాధానం అక్కడే ఉంటుంది.

3. కొయ్యడం: ఏం తీస్తారని కాక ఏం మిగులుతుందని అడగండి

పెద్దవాళ్లలో లివర్ బరువు సుమారు కిలోన్నర. బయటికి ఒకే ముద్దలా కనిపించినా, లోపల బత్తాయి తొనల్లా విడివిడి భాగాలుంటాయి. ఫ్రాన్స్‌కు చెందిన క్లాడ్ కూయినో 1950లలో వీటిని ఎనిమిదిగా విడగొట్టి చూపించాడు. ఒక్కో తొనకు రక్తం వచ్చే దారి, పిత్తరసం వెళ్లే దారి వేరు. అందుకే ఒక తొన తీసేస్తే పక్కది బతుకుతుంది. ఇవాళ సర్జన్లు "ఆరో సెగ్మెంట్ తీస్తాం" అంటున్నారంటే ఆ పటాన్ని చూసే.

ఆరోగ్యంగా ఉన్న లివర్లో నాలుగో వంతు మిగిలినా మనిషి బతుకుతాడు. కొన్ని రోజుల్లోనే అది పెరగడం మొదలవుతుంది. సిరోసిస్ ఉంటే మాత్రం కనీసం 40 శాతం మిగలాలి. ఈ కొలత సీటీ బొమ్మల మీద కంప్యూటర్‌తో తీస్తారు. "మిగిలేది ఎన్ని మిల్లీలీటర్లు, ఎంత శాతం?" అని అడిగితే సర్జన్ అంకె చెప్పగలగాలి. చాలకపోతే? తీయబోయే వైపు పోర్టల్ సిరను ముందే మూసేస్తారు. రక్తమంతా రెండో వైపుకు మళ్లి, నాలుగు నుంచి ఆరు వారాల్లో ఆ వైపు పెరుగుతుంది. అప్పుడు కోస్తారు. ఆ వారాల్లో "ఆపరేషన్ వాయిదా వేశారు, ఏదో దాస్తున్నారు" అని అనుమానపడకండి. అది వాయిదా కాదు, ఆపరేషన్‌లో మొదటి భాగం.

ఆపరేషన్ గదిలో ఏం జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. పొట్ట తెరిచాక, లేదా ల్యాప్రోస్కోపీ గొట్టాలు దింపాక, సర్జన్ అల్ట్రాసౌండ్ పరికరాన్ని నేరుగా లివర్ మీదే ఆనించి గడ్డను మళ్లీ వెతుకుతాడు. సీటీకి దొరకని చిన్న గడ్డలు ఒక్కోసారి ఇక్కడ దొరుకుతాయి. తర్వాత లివర్‌లోకి రక్తం తెచ్చే నాళాల కట్ట చుట్టూ ఒక పట్టీ వేసి బిగిస్తారు. పదిహేను నిమిషాలు బిగించి, అయిదు నిమిషాలు వదిలి, మళ్లీ బిగించి. ఈ ఉపాయాన్ని గ్లాస్గో సర్జన్ జేమ్స్ హోగార్త్ ప్రింగిల్ 1908లో రాశాడు. వందేళ్లు దాటినా ఇంకా ఆయన పేరే. ఆపై అల్ట్రాసోనిక్ పరికరం మెత్తటి లివర్ కణజాలాన్ని మాత్రం చిదిపి పీల్చేస్తుంది. గట్టిగా ఉండే సన్నటి నాళాలు తీగల్లా బయటపడతాయి. వాటిని ఒక్కొక్కటిగా క్లిప్పు వేసి తెంపుకుంటూ వెళ్తారు. వేగంగా అయ్యే పని కాదిది. బయట కుర్చీలో కూర్చున్నవాళ్లకు మూడు గంటలు దాటగానే గుండె దడ మొదలవుతుంది. లివర్ ఆపరేషన్‌లో ఆలస్యం అంటే చాలాసార్లు జాగ్రత్త అనే.

గడ్డ అంచునో, ఎడమవైపునో ఉంటే ల్యాప్రోస్కోపీ తేలిక. కోత చిన్నది, ఇంటికి తొందరగా వెళ్లొచ్చు. లోతుగా, పెద్ద నాళాల పక్కన ఉంటే తెరిచి చేయడమే క్షేమం. గొట్టాలతో మొదలుపెట్టి మధ్యలో తెరిచారని ఆపరేషన్ తప్పిందనుకోకండి. ముందుచూపున్న సర్జన్ ఆ మాట సంతకం పెట్టించుకునే రోజే చెబుతాడు.

మరి గట్టి చిక్కు ఎక్కడ? చౌడు నేలలో ఒక కలుపు మొక్క పీకితే పక్కన ఇంకోటి లేస్తుంది కదా, అలాగే గడ్డ మళ్లీ రావడంలోనే. కోసి తీసినవాళ్లలో అయిదేళ్లలో 70 శాతం దాకా మళ్లీ గడ్డ కనిపిస్తుంది. కొన్ని పాతవాటి మిగులు, కొన్ని అదే లివర్లో కొత్తగా పుట్టినవి. ఈ అంకె విని బెదిరిపోవాల్సిన పని లేదు. చిన్నగా ఉండగా దొరికితే మళ్లీ కోయొచ్చు, కాల్చొచ్చు, కొందరికి మార్పిడి చేయొచ్చు. తొలిదశలో, మంచి లివర్‌తో కోయించుకున్నవాళ్లలో సగానికి పైగా అయిదేళ్లు దాటుతున్నారు.

4. మార్చడం: గడ్డతో పాటు నేల కూడా

మార్పిడిలో క్యాన్సరూ పోతుంది, సిరోసిసూ పోతుంది. అలాగైతే అందరికీ ఇదే చేయొచ్చుగా అనిపిస్తుంది. ఒకప్పుడు అలా ప్రయత్నించారు కూడా. థామస్ స్టార్జల్ 1963లో డెన్వర్‌లో తొలి లివర్ మార్పిడి చేసిన తర్వాత, పెద్దపెద్ద గడ్డలున్నవాళ్లకూ కొత్త లివర్లు పెట్టి చూశారు. క్యాన్సర్ తిరిగొచ్చింది. మార్పిడి తర్వాత కొత్త లివర్‌ను శరీరం తోసిపుచ్చకుండా ఇచ్చే మందులు రోగనిరోధక శక్తిని అణచిపెడతాయి. ఎక్కడో దాగి ఉన్న కణాలకు అది అనువుగా మారుతుంది.

అమెరికా బేస్‌బాల్ ఆటగాడు మిక్కీ మాంటిల్ సంగతే చూడండి. మద్యం, హెపటైటిస్ సి కలిసి లివర్‌ను తినేశాయి, అందులో క్యాన్సర్ కూడా చేరింది. 1995 జూన్‌లో డల్లాస్‌లో ఆయనకు కొత్త లివర్ పెట్టారు. కొద్ది వారాలకే క్యాన్సర్ ఊపిరితిత్తుల్లో తేలింది. ఆగస్టులో ఆయన పోయాడు. పేరున్నవాడు కాబట్టి లైను దాటించారని అప్పట్లో పెద్ద రభస జరిగింది.

మరుసటి ఏడాది, 1996లో, ఇటలీలోని మిలాన్ నుంచి విన్సెంజో మజ్జాఫెరో బృందం 48 మంది ఫలితాలు ప్రచురించింది. వాళ్లు ఒక గీత గీసుకున్నారు. ఒకే గడ్డ అయితే 5 సెంటీమీటర్లు దాటకూడదు. రెండు మూడు ఉంటే ఒక్కొక్కటి 3 దాటకూడదు. రక్తనాళాల్లోకి పాకకూడదు. ఆ గీత లోపల ఉన్నవాళ్లలో నాలుగేళ్లకు 75 శాతం మంది బతికే ఉన్నారు. ఇదే మిలాన్ ప్రమాణం. తర్వాత కొన్ని కేంద్రాలు గీతను కొంచెం జరిపాయి, కానీ మీ ఫైలు తెరిచిన డాక్టరు మొదట చూసేది మాత్రం ఇదే. గీత లోపల ఉన్నవాళ్లలో మార్పిడి తర్వాత క్యాన్సర్ తిరిగొచ్చేది వందలో పది పదిహేను మందికే.

మన దగ్గర లివర్ రెండు దారుల్లో వస్తుంది. ఒకటి జీవన్మృతుల (బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల) నుంచి, అవయవదానాల జీవన్‌దాన్ జాబితా ద్వారా. పేరు నమోదు చేసుకుని వేచి ఉండాలి. ఆ వేచి ఉండే నెలల్లో గడ్డ పెరిగి గీత దాటకుండా, దానికి రక్తం అందించే ధమనిలోకి మందు పంపి మూసేయడమో, సూదితో కాల్చడమో చేస్తారు. రెండోది ఇంట్లోవాళ్లు ఇచ్చేది. దేశంలో జరిగే లివర్ మార్పిడుల్లో ఎక్కువ ఇవే.

ఈ రెండో దారి దగ్గర కాసేపు ఆగాలి. దాత నుంచి సాధారణంగా కుడిభాగం, అంటే లివర్లో 60 శాతం దాకా తీస్తారు. మిగిలింది మళ్లీ పెరుగుతుంది, నిజమే. కానీ దాత ఏ జబ్బూ లేని మనిషి. ఆ మనిషికి ఇది పెద్ద ఆపరేషన్. ప్రాణాపాయం వెయ్యికి రెండు నుంచి ఐదు దాకా ఉంటుందని లెక్క. చిన్నదే, కానీ సున్నా కాదు. మన దేశంలో ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, భార్యలు, తల్లులు, కూతుళ్లు. "అమ్మ ఇస్తుందిలే" అని ఇంట్లో తేల్చేసి, అమ్మను మాత్రం చివర్న అడిగే ఇళ్లు తక్కువేమీ కాదు.

అందుకని, దాతతో డాక్టరు విడిగా, ఎవరూ పక్కన లేకుండా మాట్లాడేలా చూడండి. "నాకు భయంగా ఉంది సార్, కానీ కాదంటే ఇంట్లో..." అని ఆమె అంటే, మంచి కేంద్రాల్లో ఆ సంగతి బయటికి పొక్కనివ్వరు. పరీక్షల్లో సరిపోలేదని ఇంటివాళ్లకు చెబుతారు. దాత బ్లడ్ గ్రూపు కుదరాలి, వయసు కుదరాలి, లివర్లో కొవ్వు ఉండకూడదు. పైకి ఆరోగ్యంగా కనిపించే ముప్ఫై ఏళ్ల కొడుకు ఫ్యాటీ లివర్ వల్ల పనికిరాకుండా పోవడం ఇప్పుడు తరచుగా జరుగుతోంది. కొందరు రెండు మూడు నెలల్లో బరువు తగ్గి మళ్లీ పరీక్షకు వస్తారు. భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు అయితే పత్రాల పని తేలిక. చట్టం ప్రకారం దగ్గరి బంధువులు కానివాళ్లయితే అధికార కమిటీ అనుమతి కావాలి. డబ్బిచ్చి కొనడం నేరం. "ఒకాయన ఉన్నాడు, ఏర్పాటు చేస్తాడు" అనేవాళ్లను గుమ్మం దగ్గరే ఆపండి.

5. కాల్చడం: చిన్న గడ్డకు చిన్న పని

ఇది కోతతో చేసే ఆపరేషన్ కాదు గానీ పక్కన పెట్టాల్సింది కాదు. స్కానింగ్ చూస్తూ చర్మం గుండా సూదిని గడ్డలోకి దింపి, రేడియో తరంగాలతోనో మైక్రోవేవ్‌తోనో కాల్చేస్తారు. చుట్టూ అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా మంచి భాగం కూడా కాలాలి. ఒకటి రెండు రోజుల్లో ఇల్లు. రెండు సెంటీమీటర్ల లోపు గడ్డకు ఫలితం కోతకు దగ్గరగానే ఉంటుంది, మూడు దాటితే తగ్గుతుంది. పెద్ద రక్తనాళం పక్కనే ఉంటే పారే రక్తం వేడిని లాగేసుకుంటుంది, గడ్డ అంచు పచ్చిగా మిగిలిపోతుంది. పేగుకో పిత్తాశయానికో ఆనుకుని ఉన్నా చిక్కే. "మాకు సూదితో అవుతుందా?" అని అడిగితే, సైజు ఒక్కటే కాక గడ్డ ఎక్కడుందో కూడా చూసి చెప్పమనండి.

6. మూడు వారాలు ఇవ్వండి, మూడు నెలలు ఇవ్వకండి

పెద్దకొడుకు "రేపే తీయించేద్దాం" అన్నాడు గుర్తుందా? ఈ గడ్డ రెట్టింపు కావడానికి సాధారణంగా నెలలు పడుతుంది. సరైన సీటీ, ఎండోస్కోపీ, గుండె పరీక్ష, రెండో డాక్టరు మాట, వీటికి రెండు మూడు వారాలు పోయినా పోయేదేమీ లేదు. పోయేది పసరు దగ్గర. పసరుతో కామెర్లు తగ్గాయని చెప్పుకునేవాళ్లలో చాలామందివి దానంతటదే తగ్గే రకం కామెర్లు. క్యాన్సర్‌కు ఆ గుణం లేదు. పైగా సిరోసిస్ లివర్‌కు గుర్తు తెలియని ఆకుల రసం ఇంకో దెబ్బ. మూడు నెలల తర్వాత అదే మనిషి అదే ఫైలుతో వస్తే, కొన్నిసార్లు తొలిదశ అన్న మాట కొట్టేయాల్సి వస్తుంది.

7. ఆసుపత్రిలో ఈ ప్రశ్నలు అడగండి

కాగితం మీద రాసుకుని వెళ్లండి. గదిలోకి వెళ్లాక ఎవరికీ గుర్తుండవు.

ఏడాదికి ఎన్ని లివర్ ఆపరేషన్లు చేస్తారు? సర్జన్, లివర్ వైద్యుడు, సూదితో కాల్చే రేడియాలజిస్టు, క్యాన్సర్ వైద్యుడు కలిసి కూర్చుని మా కేసు చూస్తారా? మిగిలే లివర్ ఎంత? మాకు మార్పిడి కూడా కుదురుతుందా, కుదిరితే మీరు కోతే ఎందుకు చెబుతున్నారు? చివరి ప్రశ్నకు విసుక్కునే చోట రెండో అభిప్రాయం తీసుకోవడానికి మొహమాటపడకండి. వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, సీటీ సీడీ కూడా పట్టుకెళ్లండి. కాగితం మీద ఉండేది ఇంకొకరి మాట, సీడీలో ఉండేది లివర్.

8. డబ్బు సంగతి మొదటి వారంలోనే

ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ ఆరోగ్య పథకం ఉన్న ఆసుపత్రిలో దాని కౌంటర్ ఉంటుంది. మీ ఆపరేషన్ పథకంలో ఉందా, ముందస్తు అనుమతికి ఏ కాగితాలు కావాలి అన్నది అక్కడ అడగండి. ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఎల్‌ఓసీ (ఆసుపత్రికి ముందుగా ఇచ్చే హామీ పత్రం) తెచ్చుకోవాలంటే ఆపరేషన్‌కు ముందే అంచనా పత్రం కావాలి. అంతా అయిపోయాక పరుగెత్తేవాళ్లు ఇక్కడే నష్టపోతారు. ప్రైవేటులో లివర్ మార్పిడి చాలాచోట్ల 20 లక్షలు దాటుతుంది. ఆ తర్వాత జీవితాంతం మందులు, రక్తపరీక్షలు ఉంటాయి. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ మార్పిడులు జరిగాయి. పొలం బేరం పెట్టే ముందు అక్కడ ఒక్క ఓపీ చీటీ రాయించుకోండి. ఇన్సూరెన్స్ ఉంటే దాత ఖర్చు కూడా భరిస్తారా అని రాతపూర్వకంగా అడగండి.

9. పథ్యం పేరుతో మనిషిని ఎండగట్టకండి

"లివర్ జబ్బు కదా, గంజీ మజ్జిగన్నం చాలు." ఈ మాట ఎన్ని ఇళ్లలో వినపడుతుందో! సిరోసిస్ మనిషికి కండ కరిగితే ఆపరేషన్‌కు తట్టుకోవడం కష్టం. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలని ఇప్పటి వైద్య సూచన. అరవై కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. పప్పు, గుడ్డు, పెరుగు, చేప, ఏది పడితే అది. పొట్టలో నీరుంటే తగ్గించాల్సింది ఉప్పు. పడుకునే ముందు ఏదో ఒకటి తినిపించండి, రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటే శరీరం కండనే తింటుంది. బూజు పట్టిన వేరుశనగలు పారేయండి. ఆ బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ లివర్ క్యాన్సర్‌కు తెలిసిన కారణాల్లో ఒకటి. వేరుశనగ పండే మన జిల్లాల్లో ఇది పట్టించుకోవాల్సిన మాట. నొప్పి మాత్రలు డాక్టరును అడగకుండా వద్దు. మద్యం పూర్తిగా మానాలి, "పండక్కి ఒక్క పెగ్గు" కూడా లెక్కలోకే వస్తుంది.

ఆపరేషన్‌కు ముందు మూడు బంతుల ప్లాస్టిక్ పరికరం ఒకటి ఇస్తారు. చాలామంది దాన్ని బూర ఊదినట్టు ఊదుతారు. ఊదకూడదు, పీల్చాలి. ఊపిరితిత్తుల అడుగు దాకా గాలి వెళ్లి, ఆపరేషన్ తర్వాత కఫం పట్టకుండా ఉండటానికే అది.

10. హెపటైటిస్ బి అయితే ఇల్లంతా పరీక్ష

వైరస్‌ను అణిచే మాత్రలు ఆపరేషన్ అయ్యాక కూడా ఆపకూడదు. వైరస్ అణిగి ఉంటే గడ్డ తిరిగొచ్చే అవకాశం తగ్గుతుంది. భార్య, పిల్లలు, తోబుట్టువులు, అందరూ రక్తపరీక్ష చేయించుకోవాలి. లేదని తేలినవాళ్లకు టీకా. హైదరాబాద్ కంపెనీ శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయంగా ఈ టీకా తెచ్చి, విదేశీ టీకా కొనలేని మామూలు కుటుంబాలకు దాన్ని అందుబాటులోకి తెచ్చింది. పిల్లల టీకాల జాతీయ కార్యక్రమంలోకి అది దేశమంతటా వచ్చేసరికి 2011 అయింది. కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్లకు అది పడి ఉండకపోవచ్చు.

11. పెద్దాయనకు చెప్పండి

లివర్ ఆయనది. మద్యం జోలికి పోకుండా ఉండాల్సింది, బంతులు పీల్చాల్సింది, ఏళ్ల తరబడి సీటీకి రావాల్సింది ఆయనే. వాపు అని చెప్పి ఇవన్నీ ఎలా చేయిస్తారు?

మన హెడ్మాస్టరు గారికి చిన్నకూతురు చెప్పింది, వరండాలో కూర్చోబెట్టి. "నాన్నా, క్యాన్సర్. చిన్నది. తీసేయొచ్చంటున్నారు." ఆయన కాసేపు వీధిలోకి చూసి, "సిరోసిస్ ఏ క్లాసు అన్నారమ్మా?" అని అడిగాడు. అప్పటికే రిపోర్టు తీసి చదివేశాడన్నమాట. ఎ క్లాసు. ప్లేట్‌లెట్లు లక్షా అరవై వేలు, అన్నవాహికలో సిరల ఉబ్బు లేదు. ఆరో సెగ్మెంట్ ల్యాప్రోస్కోపీలో తీశారు, ఆరో రోజు ఇంటికి పంపారు.

ఇప్పుడు ఆయన దగ్గర మార్కుల రిజిస్టర్ లాంటి పొడుగు పుస్తకం ఒకటుంది. తేదీ, ఏఎఫ్‌పీ, బిలిరుబిన్, సీటీలో ఏం రాశారు, నాలుగు గడులు. మొదటి రెండేళ్లూ మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి అని పై అట్ట లోపల రాసుకున్నాడు. మొదటి రెండు వరసలూ ఎర్ర ఇంకుతో టిక్కు పెట్టి ఉన్నాయి. మూడో వరసలో తేదీ ఒక్కటే ఉంది. సీటీ వచ్చే గురువారం, కడప బస్సు పొద్దున ఆరింటికి.